చిరునామా చెప్పే కులం: ఉద్యోగంలో రుజువు దొరకని వివక్ష

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఒక మనిషి కులం తెలుసుకోవాలంటే ఇంటిపేరు అడగనక్కర్లేదు, చిరునామా చాలు. ఆధార్ కార్డులో, బయోడేటాలో ఊరి పేరు పక్కన హరిజనవాడ అనో, అరుంధతివాడ అనో, దళితవాడ అనో ఉంటుంది. ఇంటర్వ్యూకి పోకముందే మన కులం మేనేజరు బల్ల మీదికి చేరిపోతుంది.

పిలుపు దగ్గరే ఏం జరుగుతుందో లెక్కలున్నాయి. అమెరికాలో బెర్‌ట్రాండ్, ముల్లైనాథన్ అనే ఆర్థికవేత్తలు బోస్టన్, షికాగోల్లో ఉద్యోగ ప్రకటనలకు దాదాపు 5,000 దరఖాస్తులు పంపి, 2004లో ఫలితాలు ప్రచురించారు. అర్హతలు ఒకటే, తేడా పేర్లలోనే. తెల్లవారి పేర్లకు నల్లజాతి పేర్లకన్నా 50 శాతం ఎక్కువ పిలుపులొచ్చాయి. మన దేశంలో సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ ప్రైవేటు కంపెనీలకు 4,808 దరఖాస్తులు పంపారు. 2007లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం, సమాన అర్హత ఉన్నా దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం అగ్రకుల పేరుతో పోలిస్తే మూడింట రెండు వంతులే. అక్కడ పేరు చేసిన పనిని ఇక్కడ చిరునామా కూడా చేయగలదు.

ఉద్యోగం వచ్చాక అడిగే తీరు మారుతుంది. "ఏ ఊరు? ఊర్లోనా, వాడలోనా?" అంటారు. క్యారియర్ పంచుకోవడం ఆగిపోతుంది. రిజర్వేషనే లేని ప్రైవేటు కంపెనీలో కూడా "కోటా క్యాండిడేట్" అన్న ఎగతాళి వినబడుతుంది. ప్రమోషన్ ఎందుకు రాలేదో ఎవరూ కాగితం మీద పెట్టరు.

చట్టం ఎక్కడ ఆగిపోతుందో మనం తెలుసుకోవాలి. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద కులదూషణ నేరం కావాలంటే అది ప్రజల కంటపడే చోట జరగాలి. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లు లేనప్పుడు అన్న మాటకు ఆ క్లాజు వర్తించదని 2020లో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే తలుపు మూసిన మేనేజరు గది దాదాపు చట్టం బయటే. లైంగిక వేధింపులపై 2013 చట్టం పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలంది. కులవివక్షకు ప్రైవేటు సంస్థల్లో అలాంటి కమిటీ తప్పనిసరి చేసిన చట్టం లేదు. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అన్న 2019 రాష్ట్ర చట్టం కూడా ఆ స్థానికుల్లో ఎస్సీల వాటా ఎంతో చెప్పలేదు. శ్రీసిటీ, రేణిగుంట పరిశ్రమల వైపు చూస్తున్న మన పిల్లలకు ఇది రేపటి కూటి ప్రశ్న.

2020లో ఒక దళిత ఇంజనీరు తరఫున కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం సిస్కో కంపెనీపై దావా వేసింది. మొదట ఆసరా చేసుకున్న వాటిలో 1964 పౌరహక్కుల చట్టం ఒకటి. అది నల్లజాతి ప్రజలు పోరాడి తెచ్చుకున్న చట్టం. 2023లో సియాటెల్ నగరం కులవివక్షను నేరుగా నిషేధించింది. సముద్రాల అవతల సాధ్యమైంది సత్యవేడులో ఎందుకు కాకూడదు?

అందుకే మనం అడగాల్సింది ప్రతి సంస్థలోనూ కులవివక్షపై ఫిర్యాదుల కమిటీ, అందులో దళిత సభ్యులు. అది వచ్చేదాకా తేదీ, మాట, విన్నవాళ్ల పేర్లు ఆ రోజే రాసిపెట్టుకుందాం. ఫిర్యాదు నోటితో కాదు, ఈమెయిల్‌లో చేద్దాం. జాతీయ ఎస్సీ కమిషన్‌కు సాక్షులను పిలిపించే, రికార్డులు తెప్పించే అధికారం రాజ్యాంగం 338వ అధికరణం ఇచ్చింది. దాన్ని వాడుకుందాం.