తెల్లకోటు ఒకటే, దారులు రెండు

"పెద్దయ్యాక ఏమవుతారు?" అని ఎవరడిగినా మా పన్నెండో తరగతి బయాలజీ గ్రూపులో చాలామందిమి "డాక్టర్" అనే చెబుతాం. ఏ డాక్టర్ అని ఎవరూ అడగరు. మేమూ ఆలోచించలేదు. ఈ దసరా సెలవుల్లో మా స్నేహితురాలి అక్క ఇంటికి వచ్చాక ఆలోచించాల్సి వచ్చింది.

అక్క ఎంబీబీఎస్ చదువు ముగించి హౌస్ సర్జన్‌గా పనిచేస్తోంది. ఆమె ముందు రెండు దారులున్నాయి. ఒకటి, అమెరికాలో రెసిడెన్సీకి ప్రయత్నించడం. రెండోది, అక్కడే ఒక విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీలో చేరడం. వాళ్ళ నాన్నగారికి ఇంకా మూడేళ్ళే సర్వీసు ఉంది. ఆ తర్వాత క్వార్టర్ ఖాళీ చెయ్యాలి, జీతం పోయి పెన్షన్ వస్తుంది. అందుకే ఏ దారికి ఎన్నేళ్ళు, ఎంత ఖర్చు, మధ్యలో ఆగిపోతే ఏమిటి అని ఆ ఇంట్లో రోజూ ఇవే లెక్కలు. ఆ లెక్కలు వింటూ, అక్కను అడిగి, మేము తెలుసుకున్నవి మీకోసం రాస్తున్నాం.

రెండూ డాక్టరే, పని మాత్రం వేరు

రెసిడెన్సీ అంటే మన ఎండీ, ఎంఎస్ లాంటిది. ఎంబీబీఎస్ అయినవాళ్ళు ఆసుపత్రిలో జీతం తీసుకుంటూ, పెద్ద డాక్టర్ల పర్యవేక్షణలో రోగులను చూస్తూ ఒక విభాగంలో నైపుణ్యం సంపాదిస్తారు. అమెరికాలో జనరల్ మెడిసిన్‌కి, పిల్లల వైద్యానికి మూడేళ్ళు. జనరల్ సర్జరీకి అయిదేళ్ళు. మెదడు శస్త్రచికిత్సకు ఏడేళ్ళు. వారానికి సగటున 80 గంటలకు మించి పనిచేయించకూడదని నియమం ఉంది. నియమమే 80 గంటలంటే పని ఎలా ఉంటుందో ఊహించుకోండి.

పీహెచ్‌డీ అంటే పరిశోధన. అక్కడ రోగులుండరు, ఒక ప్రశ్న ఉంటుంది. అప్పటిదాకా ఎవరికీ తెలియని ఒక విషయాన్ని కనిపెట్టి, రుజువులతో రాసి, పెద్దల ముందు నిలబెట్టుకోవాలి. జీవశాస్త్రాల్లో ఇది సాధారణంగా అయిదారేళ్ళు పడుతుంది. మొదటి ఏడాది రెండు మూడు ప్రయోగశాలల్లో కొన్ని వారాల చొప్పున పనిచేసి గైడును ఎంచుకుంటారు. తర్వాత ఒక అర్హత పరీక్ష. ఆపైన ప్రయోగాలు, చివరికి సిద్ధాంత వ్యాసం. ఇన్నేళ్ళలో అయిపోతుందని ముందే ఎవరూ మాట ఇవ్వలేరు. పీహెచ్‌డీ చేసినవారి పేరు ముందూ ‘డాక్టర్’ అనే ఉంటుంది, కానీ ఆ పట్టాతో మందుల చీటీ రాయకూడదు.

మార్చి నెల ట్రాన్స్‌ఫర్ ఆర్డర్

రెసిడెన్సీకి ముందు దాటాల్సిన మెట్లు చాలా ఉన్నాయి. యూఎస్‌ఎమ్‌ఎల్‌ఈ పరీక్షలో స్టెప్ 1, స్టెప్ 2 అనే రెండు భాగాలు రాయాలి. ఒక్కోటీ రోజంతా సాగుతుంది. 2022 నుంచి స్టెప్ 1లో మార్కులు చెప్పరు, పాసో ఫెయిలో చెబుతారు. అందువల్ల స్టెప్ 2 మార్కులకు విలువ పెరిగింది. వైద్యులకోసం పెట్టిన ఇంగ్లీషు పరీక్ష వేరే ఉంది. అందులో రోగితో మాట్లాడినట్టు మాట్లాడి చూపించాలి, మరో డాక్టరుకు ఉత్తరం రాయాలి. నాలుగైదు రాష్ట్రాల్లో, నాలుగైదు భాషల మధ్య పెరిగిన మనలాంటివాళ్ళకు ఈ ఒక్క పరీక్ష కాస్త తేలికేమో అని మేము సరదాగా అనుకున్నాం.

సెప్టెంబరులో దరఖాస్తులు, చలికాలంలో ఇంటర్వ్యూలు. ఆ తర్వాత అభ్యర్థి తనకు నచ్చిన ఆసుపత్రులను వరుసక్రమంలో రాసి ఇస్తాడు. ఆసుపత్రులు కూడా తమకు నచ్చిన అభ్యర్థులను అలాగే రాసి ఇస్తాయి. రెండు జాబితాలనూ కంప్యూటర్ జతకలుపుతుంది. దీన్ని ‘మ్యాచ్’ అంటారు. ఇది 1952 నుంచి నడుస్తోంది. ఇలా జతకలిపే లెక్కను డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ 1962లో గణితంగా వివరించారు. ఆల్విన్ రోత్ దాన్ని ఈ మ్యాచ్‌కు తగినట్టు మెరుగుపరిచారు. ఈ కృషికే రోత్, షాప్లీలకు 2012లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఫలితాలు మార్చిలో వస్తాయి. సీటు దొరికిందో లేదో సోమవారం తెలుస్తుంది. ఏ ఊళ్ళోనో శుక్రవారం తెలుస్తుంది. వచ్చినచోటికి వెళ్ళాల్సిందే. ఇది వినగానే మేమంతా ఒక్కసారిగా నవ్వాం, ఎందుకంటే మన ఇళ్ళల్లో ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వచ్చేది కూడా ఇలాగే కదా!

అయితే ఒక తేడా ఉంది. నాన్నకు ఆర్డర్ ఎక్కడికో ఒక చోటికి తప్పక వస్తుంది. ఇక్కడ అసలు రాకపోవచ్చు. ఇటీవలి సంవత్సరాల్లో విదేశాల్లో చదివి వచ్చిన, అమెరికా పౌరులు కానివారిలో పదిమందికి ఆరుగురికే కాస్త అటూ ఇటూగా సీటు దొరుకుతోంది. పరీక్షల ఫీజులు, దరఖాస్తులు, ప్రయాణాలు కలిపితే ఖర్చు లక్షల్లో ఉంటుంది. దొరక్కపోతే మరో ఏడాది ఆగాలి. అక్క వాళ్ళ నాన్నగారు డైరీలో రెండుసార్లు గీత గీసింది ఈ లెక్క కిందే.

పీహెచ్‌డీకి ఈ భయం తక్కువ. సీటు ఇచ్చిన విశ్వవిద్యాలయం మామూలుగా ఫీజు తీసేసి, నెలనెలా భత్యం కూడా ఇస్తుంది. అది రెసిడెంటు జీతంకంటే తక్కువే అయినా, చేరిన దగ్గర్నుంచీ ఇంటినుంచి డబ్బు అడగక్కర్లేదు. అలాగని ఇందులో కష్టం లేదనుకోవద్దు. పట్టా వచ్చాక ప్రొఫెసర్ ఉద్యోగం కావాలంటే ఇంకొన్నేళ్ళు పోస్ట్‌డాక్‌గా తాత్కాలికంగా పనిచేయాలి. స్థిరమైన ఉద్యోగం వచ్చేసరికి ముప్ఫై అయిదు దాటడం మామూలే.

వీసా సంగతి కూడా తెలుసుకోవాలి. రెసిడెన్సీకి చాలామంది జే-1 వీసా మీద వెళతారు. శిక్షణ ముగిశాక రెండేళ్ళు స్వదేశంలో ఉండాలని దానికి షరతు. మినహాయింపు కావాలంటే డాక్టర్లు తక్కువగా ఉన్న ప్రాంతంలో మూడేళ్ళు పనిచేయడం ఒక మార్గం. పీహెచ్‌డీ విద్యార్థులకు మామూలుగా ఇచ్చే ఎఫ్-1 వీసాకు ఈ షరతు లేదు.

భీమవరం నుంచి బోస్టన్‌కు

ఈ రెండు దారుల మధ్య నిలబడిన ఒక తెలుగువాడి కథ మనందరం తెలుసుకోవాలి. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివారు. ఖద్దరు వేసుకున్నందుకు ఒక ప్రొఫెసర్‌కు కోపం వచ్చి, ఆయనకు ఎంబీబీఎస్ బదులు అంతకంటే చిన్నదైన ఎల్ఎంఎస్ పట్టా దక్కింది. 1923లో బోస్టన్ చేరారు. అక్కడ ఆయన వైద్యుడిగా రోగులను చూడలేకపోయారు. రాత్రిపూట ఆసుపత్రిలో చిన్న పనులు చేస్తూ చదువుకున్నారు. తర్వాత జీవరసాయన శాస్త్రం వైపు తిరిగి 1930లో హార్వర్డ్ నుంచి పీహెచ్‌డీ పొందారు.

మన కండరాలకు శక్తినిచ్చే ఏటీపీ గురించి పదకొండో తరగతిలో చదువుకున్నాం కదా. దాన్ని మొదట కనిపెట్టినవారిలో సుబ్బారావు ఒకరు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది తర్వాత ఆయన నడిపించిన బృందమే. బోదకాలు రాకుండా మన ఊళ్ళల్లో ఇంటింటికీ తిరిగి ఇచ్చే డీఈసీ మాత్ర కూడా ఆ బృందం ఇచ్చినదే.

ఇంకొక సంగతి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్తక్యాన్సర్ వచ్చిన పిల్లలకు వైద్యం చేసేవారు. అప్పట్లో ఆ జబ్బుకు మందు లేదు. సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను ఆయన 16 మంది పిల్లలకు ఇస్తే, పదిమందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. ఆ ఫలితం 1948లో అచ్చయింది. ఫార్బర్ ఒక్కరే ఉంటే మందు లేదు, సుబ్బారావు ఒక్కరే ఉంటే ఆ మందు పిల్లల దాకా చేరేది కాదు. అందుకే ఏ దారి గొప్పదని మేము అడగడం మానేశాం.

రెండూ చెయ్యొచ్చా?

చెయ్యొచ్చు. కానీ వరుస ముఖ్యం. చాలా ఆసుపత్రులు ఎంబీబీఎస్ అయి ఎన్నేళ్ళయిందో చూస్తాయి. రోగులకు దూరమైన ఏళ్ళు పెరిగేకొద్దీ రెసిడెన్సీ దొరకడం కష్టమవుతుంది. రెసిడెన్సీ చేసిన డాక్టరు మాత్రం తర్వాత పరిశోధన వైపు రావడానికి వీలు ఎక్కువ. ముందునుంచే రెండూ కావాలనుకునేవాళ్ళకు అమెరికాలో 1964 నుంచీ ప్రభుత్వ సాయంతో వైద్యం, పీహెచ్‌డీ కలిపిన చదువు ఉంది.

మనకు, అంటే ఇంకా స్కూల్లోనే ఉన్నవాళ్ళకు, ఒక మాట. పరిశోధనకు నీట్ ర్యాంకు అక్కర్లేదు. బీఎస్సీ, ఎమ్మెస్సీ చేసి వెళ్ళొచ్చు. తిరుపతిలో ఉన్న ఐసర్ లాంటి సంస్థల్లో ఇంటర్ తర్వాతే చేరవచ్చు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ లాంటి చోట్ల మన దేశంలోనే పీహెచ్‌డీ చెయ్యొచ్చు. మెడికల్ సీటు రాలేదు కాబట్టి పరిశోధన అనుకుంటే ఆ అయిదారేళ్ళు గడవడం కష్టం. పరిశోధన ఇష్టమై వెళ్ళాలి.

సెలవుల చివరి రోజు అక్కను అడిగాం, ఎలా నిర్ణయించుకుంటావని. "డ్యూటీ అయిపోయి ఇంటికొచ్చాక నా మనసు దేనిమీద ఉంటోందో నెలరోజులు రాసుకున్నాను. ఎక్కువ రోజులు ఆ మందు ఎందుకు పనిచెయ్యలేదన్న దానిమీద లేదు. ఆ పెద్దాయన రాత్రి అన్నం తిన్నాడా లేదా అన్నదానిమీద ఉంది" అంది. అక్క స్టెప్ 1కి చదువుతోంది. మొదటిసారి సీటు రాకపోతే ఇక్కడే నీట్ పీజీ రాస్తానని నాన్నగారికి మాట ఇచ్చింది. ఆయన డైరీలో ఆ పేజీ తిప్పేశారు.

మేమూ తలో నోటుబుక్ కొన్నాం. కప్పను కోసిన బొమ్మ ముందు ఎక్కువసేపు నిలబడ్డామా, జ్వరంతో పడుకున్న చెల్లి దగ్గర ఎక్కువసేపు కూర్చున్నామా అని రాసుకుంటున్నాం. మీరూ రాసుకోండి. రేపు ఎవరైనా "ఏమవుతారు?" అని అడిగితే, "డాక్టర్" తర్వాత ఇంకో వాక్యం చెప్పగలుగుతాం.