అపోహలు – వాస్తవాలు: నన్నయకు అంటగట్టిన వ్యాకరణం

తెలుగుకి తొలి వ్యాకరణం ఆంధ్రశబ్దచింతామణి, కర్త నన్నయ. నక్కపల్లిలో డీఎస్సీకి చదివేవాళ్లైనా, ఇంకెక్కడి వాళ్లైనా బట్టీ పట్టే మాటే ఇది. దీనికి ఆధారం కాకునూరి అప్పకవి 1656లో తన అప్పకవీయంలో చెప్పిన కథ. వేములవాడ భీమకవి అక్కసుతో ఆ పుస్తకాన్ని గోదావరిలో కలిపేశాడట. రాజరాజ నరేంద్రుడి కొడుకు సారంగధరుడు దాన్ని కంఠస్థం చేసి ఉన్నాడట. సిద్ధుడై బతికి, ఆరువందల ఏళ్ల తర్వాత ఎలకూచి బాలసరస్వతికి అందించాడట. సరే, రాకుమారుడికి ఆయుష్షు పోశారు. మరి ఆ ఆరువందల ఏళ్లలో పుస్తకం ఊసెత్తినవాడు ఒక్కడైనా ఉండాలి కదా? 13వ శతాబ్దంలో ఆంధ్రభాషాభూషణం రాసిన కేతన, తెలుగుకి లక్షణం చెప్పినవాడు తనకు ముందు లేడన్నాడు. ఆయన మారుమూల కవి కాడు, తన దశకుమారచరిత్రను తిక్కనకే అంకితమిచ్చినవాడు. పుస్తకం గోదావరి పాలైంది కాబట్టి ఆయనకు తెలియలేదంటారా? పుస్తకం మునిగినా పేరు మునగదు. తనకు సాయపడిన నారాయణభట్టును భారతంలో తలుచుకున్న నన్నయ, సొంత వ్యాకరణం సంగతి ఎక్కడా ఎత్తలేదు. శబ్దశాసనుడన్న మాట భారతం అవతారికలోనే ఉంది, ఒప్పుకోక తప్పదు. శబ్దశాస్త్రంలో ఆయన దిట్టే. అంతమాత్రాన తెలుగుకి సూత్రాలు రాసినట్టు కాదు.

ఎవరు రాస్తే ఏం, పుస్తకం మంచిదేగా అనొచ్చు. మంచిదే, చిన్నయసూరి బాలవ్యాకరణానికి అదీ ఒక పునాది. చిక్కల్లా ఆదికవి ముద్రతోనే. ఆ ముద్ర పడ్డాక సూత్రం శాసనమైంది, దానికి లొంగని ప్రయోగం నేరమైంది. బాలవ్యాకరణం ఒప్పుకోని రూపాలు పూర్వకవుల్లోనే ఉన్నాయని చూపించడానికి గిడుగు రామమూర్తి అంత శ్రమపడాల్సి వచ్చింది. రోములోనూ ఇదే తంతు. వర్జిల్ పోయిన నాలుగువందల ఏళ్లకు వ్యాఖ్య రాసిన సెర్వియస్, కవి వ్యాకరణం తప్పినచోట అది తప్పు కాదు, అలంకారమన్నాడు. అదే తప్పు బడిపిల్లాడు చేస్తే ఊరుకోడు.

పరీక్షలో మాత్రం కీలో ఉన్నదానికే టిక్కు పెట్టండి, మార్కు పోగొట్టుకోకండి. ఇంటికొచ్చాక కేతనను తెరవండి. చిన్న పుస్తకం, పద్యాల్లోనే ఉంటుంది. తర్వాత అప్పకవీయం చదవండి. ఛందస్సుకి ఆయన్ని నమ్మొచ్చు, చరిత్రకి వద్దు.