వరిగడ్డితో విలువిద్యకు గుఱిదిమ్మ

విలువిద్య మన పల్లెలకు దూరపు విద్య కాదు. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖగారు 2023వ సంవత్సరమున హాంగ్‌జౌ నగరమందు జరిగిన ఆసియా క్రీడలలో మూడు బంగారు పతకములు గెలుచుకొనిరి. ఆ నగరమునకే చెందిన బొమ్మదేవర ధీరజ్‌గారు 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో పాల్గొనిరి. ఇట్టి వార్తలు వినిన పిల్లలు వెదురుతో విల్లు చేసికొనుట సహజమే. కాని వారు బాణమును దేనిపై వేయుదురు? చెట్టుపైనను, గోడపైనను వేయుదురు. గట్టి వస్తువునకు తగిలిన బాణము విఱుగును. లేనిచో ఎగిరివచ్చి కంటికి తగులును. కావున విల్లుకంటె ముందుగా గుఱిదిమ్మను సిద్ధపఱుపవలెను.

అంగళ్లలో దొరకు నురుగుదిమ్మలు వెలగలవి. రైతు యింట నున్న సామగ్రితోనే దీనిని చేసికొనవచ్చును. గుర్తుంచుకొనవలసిన సూత్ర మొక్కటియే: బాణమును ఆపునది గట్టిదనము కాదు, ఒత్తిడి. బిగువుగా నొత్తిన గడ్డి బాణపుపుల్లను నలుదిక్కుల నుండి పట్టుకొని, రాపిడిచే దాని వేగమును హరించును.

ధాన్యమునకు పురి కట్టిన పెద్దలకు వెంటి పేనుట క్రొత్త పని కాదు. ఇంగ్లండు దేశమందు సయితము గుఱిదిమ్మలను పూర్వము గడ్డిత్రాడు చుట్టియే చేసెడివారు. చేతితో కోసిన పొడవైన వరిగడ్డిని తీసికొనవలెను. యంత్రముతో కోసిన గడ్డి తునకలై యుండుటచే పేనుటకు రాదు. గింజలు మిగులకుండ దులుపవలెను. గింజ యున్నచో ఎలుక చేరును. గడ్డిపై కొద్దిగా నీరు చిలికించి, ముంజేయి లావున వెంటి పేని, చాపచుట్టగా చుట్టుచు, ప్రతి చుట్టును లోపలి చుట్టుతో దబ్బనముతోను పురికొసతోను నాలుగేసి వ్రేళ్ల యెడమున బిగించి కుట్టవలెను. మూడడుగుల వెడల్పుగల చక్రములు రెండు చేసి, ఒకదాని సందులు రెండవదాని వరుసలపై పడునట్లు జోడించి కుట్టినచో సుమారు ఆఱంగుళముల దిమ్మ యగును. దానిని ఎండలో బాగుగా ఆరబెట్టవలెను.

వెంటి పేనువారు లేనిచోట గోనెసంచి చాలును. బొత్తాములు తీసిన పాతగుడ్డలను అందులో కూరి, కాలితో త్రొక్కి, మూతి కుట్టవలెను. ఇసుకగాని మన్నుగాని నింపరాదు. అవి బాణపు ములుకును పాడుచేయును.

గుఱిపటమునకు దళసరి తెల్లకాగితము చాలును. మేకుకు దారము కట్టి 8, 16, 24, 32, 40 సెంటీమీటర్ల వ్యాసార్ధములతో వలయములు గీసినచో, పోటీలలో వాడు 80 సెంటీమీటర్ల పటమునకు సరిపోవును. నడుమ పసుపు, తరువాత వరుసగా ఎఱుపు, నీలము, నలుపు, వెలుపల తెలుపు. పసుపుకొమ్ముల పొడి, జాజు, నీలిమందు, బొగ్గుమసి జిగురునీటిలో కలిపి పూయవచ్చును. తెలుపునకు సున్నము పూయక కాగితమునే విడువుడు. సున్నము తగిలిన పసుపు ఎఱ్ఱబారును.

దిమ్మను వెదురు ముక్కాలిపై కొంచెము వెనుకకు వాల్చి, త్రాళ్లతో కట్టవలెను. పటము నడిబొట్టు నేలనుండి 130 సెంటీమీటర్ల యెత్తున నుండుట పోటీల నియమము, పసిపిల్లలకు తగ్గింపవచ్చును. మొదట పది అడుగుల నుండి పెద్దలే ఒక బాణము వేసి చూడవలెను. ములుకు వెనుకకు పొడుచుకొని వచ్చినచో మఱియొక చక్రమును చేర్పుడు. ఈ దిమ్మ తేలికవిల్లులకే. కాంపౌండు విల్లు వేగమునకు చాలదు.

వెల లేని వస్తువని అజాగ్రత్త కూడదు. తప్పిన బాణము ఎక్కడికి పోవునో ముందుగా చూడవలెను. దిమ్మ వెనుక ఎత్తైన మట్టికట్ట యుండవలెను. ఆ దిక్కున బాటగాని, ఇండ్లుగాని, పశువులు మేయు బీడుగాని ఉండరాదు. అందఱును విల్లు దింపినగాని ఒక్కరును ముందునకు పోరాదు. బాణము పెఱుకునపుడు ఒక చేయి దిమ్మపై నుంచి, రెండవచేత పుల్లను దిమ్మకు దగ్గఱగా పట్టి తిన్నగా లాగవలెను. లాగువాని వెనుక నెవరును నిలువరాదు.

ఆట ముగిసిన పిమ్మట దిమ్మను చెద పట్టకుండ పలకపై, వాన తగులనిచోట నుంచవలెను. నడుమభాగము మెత్తబడినచో నానిన పురికొసతో మరల బిగింపవచ్చును.

ఇంటి కొక దిమ్మ అక్కఱలేదు. సంఘ సభ్యులు తలకొక గడ్డిమోపు తెచ్చి, వెంటి పేన నెఱిగిన వృద్ధులను పిలిచి, బడి మైదానమునకు ఒక్క దిమ్మ చేయించి, ఒక పెద్దను కాపుంచినచో ఊరి పిల్లలందఱికిని అది చాలును. గడ్డి మనది, పనితన మును మనదే. పిల్లల కన్నులు కాపాడు బాధ్యతయు మనదే.