పొగను కొలిచిన పట్టణము

బావినీరు చెడినచో ఒక్కొక్కప్పుడు రంగువలననో, రుచివలననో తెలిసికొందుము. పీల్చు గాలి చెడినచో తెలియుట యెట్లు? ఇంగ్లండులోని లెస్టరు పట్టణమున ఈ ప్రశ్నకు లభించిన సమాధానమును పంచాయతీ సభ్యులకు వివరింపదలచితిమి.

లెస్టరు మేజోళ్లకు, పాదరక్షలకు పేరుపొందిన పట్టణము. అచట ప్రతి యింటను చలి కాచుకొనుటకు నేలబొగ్గు మండించెడివారు. ఇతర పారిశ్రామిక పట్టణములకు దూరముగ, ఇంచుమించు సమతల ప్రదేశమున నుండుటచే, అచటి పొగ అచటిదేయని నిర్ణయించుటకు వీలుండెను. అందుచే 1937 నుండి 1939 వరకు మూడేండ్లు ఆ పట్టణమున పొగను కొలిచి, ఫలితములను 1945లో ప్రకటించిరి.

ఆ కాలమున ఇంగ్లండులో వాడిన పద్ధతులు సులభమైనవి. ఆరుబయట పెద్ద గరాటు నుంచి, దాని క్రింద సీసా నమర్చెదరు. నెల దినములలో వాననీటితోపాటు దిగిన మసిని, బూడిదను ఎండబెట్టి తూచెదరు. తేలికయగు పొగకొరకు గాలిని తెల్లని వడపోత కాగితముగుండ లాగెదరు. కాగితము నల్లబడిన కొలది పొగ యెక్కువయని గ్రహింతురు. కంటికి కనపడని గంధకవాయువును రసాయన పదార్థముల సాయమున కొలిచెదరు. ఇట్లు కొలువగా లెస్టరులో శివారులకంటె నడిబొడ్డునను, వేసవికంటె శీతకాలమునను పొగ అధికమని అంకెలతో తేలినది.

అంకెల విలువ 1952లో లండను నగరమున మరింత స్పష్టమయ్యెను. డిసెంబరు 5 నుండి 9 వరకు గాలి కదలక, పొగయు మంచును కలిసి నగరమును కప్పివేసెను. రోజువారీ పొగ లెక్కను, మరణముల లెక్కను ప్రక్కప్రక్కన నుంచి చూడగా రెండును కలిసి పెరిగినట్లు కనబడెను. సాధారణముగ సంభవించు మరణములకంటె సుమారు 4,000 అధికముగ సంభవించినవి. వారిలో వృద్ధులు, గుండె ఊపిరితిత్తుల జబ్బులు గలవారు ఎక్కువ. ఈ సంఖ్య 12,000 వరకు ఉండవచ్చునని తరువాతి పరిశీలనలు తెలిపినవి.

1953లో ప్రభుత్వము సర్ హ్యూ బీవరు అధ్యక్షతన సంఘమును నియమించెను. పొగలో దాదాపు సగము ఇండ్లనుండియే వచ్చుచున్నదని ఆ సంఘము తెలిపినది. తప్పు కర్మాగారములదే యనుకొన్నవారికి ఇది కనువిప్పు. 1956లో పరిశుభ్ర వాయు చట్టము వచ్చినది. దానివలన స్థానిక సంస్థలకు పొగ నియంత్రణ ప్రాంతములను ప్రకటించు అధికారము కలిగెను. అట్టి ప్రాంతములలో ఇంటి పొయ్యిని మార్చుకొనుటకగు ఖర్చులో పదింట ఏడు వంతులు స్థానిక సంస్థ తిరిగి చెల్లించెడిది; అందు నాలుగు వంతులు ప్రభుత్వము భరించెడిది. ఆజ్ఞతోపాటు సాయమును అందుటవలననే పేద గృహస్థులు సైతము పొయ్యి మార్చుకొనగలిగిరి. 1961 మొదలు దేశమంతట వందలాది కేంద్రములలో పొగను, గంధకవాయువును కొలుచుచు, ఫలితమును ఏటేట గమనించిరి.

పొగ బాధ మనకును క్రొత్త కాదు. 1953 నాటికే హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమున డాక్టరు ఎస్. పి. రాజుగారు పొగలేని పొయ్యిని రూపొందించియుండిరి. నేటికిని కట్టెపొయ్యిపై వండు ఇండ్లలో ఆ పొగ మొదట తల్లులను, పసిపిల్లలను బాధించును.

పంచాయతీ సభ్యులు గ్రహింపవలసిన దొక్కటి. జనన మరణముల పుస్తకము కేవలము ధ్రువపత్రములకొరకు కాదు. ఏ నెలలో, ఏ వాడలో, ఏ వయస్సువారు ఏ జబ్బుతో మరణించిరో సరిగా వ్రాసి, తిరిగి చదివినచో గ్రామమునకు సోకిన కీడు ముందుగ తెలియును. తెలిసినదానిని తొలగించుట సాధ్యము.