బాదం పూతకు అద్దె ఈగలు

ప్రపంచంలో పండే బాదంలో నాలుగింట మూడొంతులకు పైగా కాలిఫోర్నియాదే. దాన్ని కొనే దేశాల్లో మొదటి స్థానం మనది. (మన వీధుల్లో గొడుగు పట్టినట్టు పెరిగే బాదం చెట్టు వేరు, దానికీ దీనికీ చుట్టరికం లేదు. ఇది పీచ్, ఆల్బుఖారాల కుటుంబానిది.) అక్కడి సెంట్రల్ వ్యాలీలో 13 లక్షల ఎకరాలకు పైగా ఉన్న కాపు తోటలు ఫిబ్రవరి నడిమికల్లా ఒక్కుమ్మడిగా పూస్తాయి. ఆ పూత పిందె కట్టాలంటే అమెరికాలోని తేనెటీగల పెట్టెల్లో మూడింట రెండొంతులకు పైగా వచ్చి ఆ ఒక్క లోయలో దిగాలి. ఇది చూసి, ఈగ లేనిదే బతకలేని అర్భకపు పంట అని బాదాన్ని ఆడిపోసుకుంటుంటారు. తప్పు చెట్టుది కాదు. ఈగ కావాలన్నది చెట్టు స్వభావం. ఇన్ని ఈగలు, ఇంత కొద్ది రోజుల్లో, ఒకేచోట కావాలన్నది మాత్రం మనుషులు చేసుకున్న ఏర్పాటు.

పువ్వును దగ్గరగా చూస్తే చెట్టు స్వభావం తెలుస్తుంది. అయిదు తెల్లని రేకులు, మొదట్లో లేత గులాబీ ఛాయ, నడుమ గుంపుగా కేసరాలు, వాటి మధ్య ఒకే ఒక్క కీలం. మకరందం అడుగున ఉంటుంది కాబట్టి ఈగ కేసరాల్ని తోసుకుంటూ లోపలికి దూరాలి. అప్పుడు దాని ఒంటి నూగుకు పుప్పొడి అంటుకుంటుంది. అయితే పేరున్న రకం నాన్‌పరేల్ తన పుప్పొడిని తానే ఒప్పుకోదు. పక్క చెట్టు కూడా నాన్‌పరేలే అయితే ఫలితం లేదు. అందుకే రైతులు ఒక వరుస నాన్‌పరేల్, పక్క వరుస మాంటెరీ లాంటి మరో రకం నాటుతారు. ఈ వరుస పుప్పొడి ఆ వరుసకు చేరాలి. గాలి ఆ పని చేయలేదు, ఈ పుప్పొడి బరువైనది, జిగురైనది. విప్పారిన పువ్వుకు గడువు కొద్ది రోజులే. ఆ రోజుల్లో వాన పడినా, ఎండ రాక 13 డిగ్రీల లోపే చలి ఉన్నా ఈగ గూడు వదిలి కదలదు. ఎంత విరగబూసినా ఆ పూత రాలిపోవాల్సిందే.

ఇక మనుషుల ఏర్పాటు సంగతి. ఎకరానికి రెండు పెట్టెలన్నది అక్కడి వాడుక లెక్క, ఒక్కో పెట్టెకు అద్దె సుమారు 200 డాలర్లు. ఫ్లోరిడా నుంచి, డకోటాల నుంచి లారీల మీద పెట్టెలొస్తాయి. ఈగలు గూట్లో ఉండే చీకటి వేళ ఫోర్క్‌లిఫ్టులతో వాటిని తోటల్లో దించుతారు. పెట్టె తెరిచి కనీసం ఎనిమిది చట్రాల నిండా ఈగలున్నాయో లేదో చూడటం ఒప్పందాల్లో మామూలు షరతు. నిజానికి ఫిబ్రవరిలో ఈగల గుంపు చిన్నదిగా ఉండటమే సహజం. షరతు కోసం వాటికి చక్కెర పాకం, పుప్పొడికి బదులు మేత పెట్టి ముందే సంఖ్య పెంచుతారు. తర్వాత దేశం నలుమూలల ఈగలూ ఒక్కచోట కలిస్తే రోగాలూ కలుస్తాయి. ఈగల్ని పీల్చే వరోవా నల్లి 1987లో అమెరికాలో బయటపడింది. ఇప్పుడు ఎక్కువగా వాడే అమిట్రాజ్ మందుకు అది చాలాచోట్ల లొంగడం మానేసింది. 2024 జూన్ నుంచి 2025 మార్చి లోపు వాణిజ్య పెంపకందారులు సగటున 60 శాతానికి పైగా గూళ్లు పోగొట్టుకున్నారని సర్వేలో తేలింది. చచ్చిన గూళ్లను పరీక్షించిన ప్రభుత్వ శాస్త్రవేత్తలకు వాటిలో వైరస్‌లూ, మందుకు లొంగని నల్లులూ కనిపించాయి.

తప్పు ఈ ఏర్పాటుదన్న మాటకు రెండు అభ్యంతరాలున్నాయి. రెండూ కొట్టిపారేయదగ్గవి కావు. మొదటిది, ఈ ప్రయాణం ఈగలకూ లాభమేనన్నది. బాదం పుప్పొడి మంచి మేత, చలికాలం చివర ఈగలకు అది దొరకడం వరమే. పెంపకందారుల్లో చాలామందికి తేనె కన్నా ఈ అద్దే పెద్ద రాబడి. (బాదం తేనె చేదు, అమ్మకానికి పనికిరాదు.) అంతా ఒప్పుకోవలసిందే. కానీ మేత మంచిదైనా అది నెలరోజుల్లో అయిపోతుంది. చాలా తోటల్లో చెట్ల మధ్య గడ్డి కూడా లేని నేలే, ఆ తర్వాత ఈగకు అక్కడ తినడానికేమీ ఉండదు. రెండోది, ఇండిపెండెన్స్ లాంటి స్వయంఫల రకాలొచ్చాక ఈగలెందుకన్నది. ఆ రకానికి మరో రకం తోడు అక్కర్లేదు, నిజమే. కానీ ఈగలు వాలిన కొమ్మలు వాలనివాటికన్నా సుమారు ఐదో వంతు ఎక్కువ దిగుబడి ఇచ్చాయని పరిశీలనలో తేలింది. దీంతో పెట్టెల సంఖ్య తగ్గుతుందేమో గానీ ఈగ అవసరం తీరిపోదు. నా దృష్టిలో ఇంతకన్నా మేలైన దారి వరుసల మధ్య ఆవ లాంటి పూల మొక్కలు వేయడం, ఉత్తర అమెరికాలో సహజంగా ఉండే ఆర్చర్డ్ మేసన్ ఈగలకు చోటివ్వడం. అవి పెట్టెల్ని పూర్తిగా భర్తీ చేయలేవు, ఒకే ఆసరా మీద ఉన్న భారాన్ని మాత్రం పంచుకుంటాయి.

మన పొద్దుతిరుగుడు చేలకూ, పుచ్చ, దోస పాదులకూ ఈగలు చాలాచోట్ల ఇంకా అద్దె లేకుండానే వస్తున్నాయి. పూత మీదున్న చేలో పగటిపూట పురుగుమందు కొట్టకండి. తప్పదనుకుంటే ఈగలు గూటికి చేరాక, పొద్దుగూకిన తర్వాత కొట్టండి.