మత్తు డాక్టర్‌కి ముందే చెప్పాల్సిన మాట

నేలకొండపల్లి నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్ ఒకే ఒక్క ఇంజెక్షన్ గురించి. "పెదనాన్నకి ఆపరేషన్ బాగానే అయింది గానీ, చాలా గంటలు సొంతంగా ఊపిరి తీసుకోలేకపోయాడు, మిషన్ మీద పెట్టారు" లాంటి మాట మీ ఇంట్లో ఎప్పుడైనా విన్నారా? అయితే ఇది పూర్తిగా చూడండి.

పూర్తి మత్తు ఇచ్చి ఆపరేషన్ చేసేటప్పుడు గొంతులోకి గొట్టం వేస్తారు. కండరాలు బిగుసుకుని ఉంటే అది సరిగ్గా దిగదు. అందుకని చాలాసార్లు సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు. ఆసుపత్రుల్లో స్కోలిన్ అంటారు. నిమిషంలో ఒళ్లంతా వదులైపోతుంది, ఊపిరి తీసే కండరాలతో సహా. ఐదు పది నిమిషాల్లో మళ్లీ మామూలు. ఎమర్జెన్సీలో చాలా పనికొచ్చే మందు ఇది, దాన్ని తిట్టడానికి ఈ వీడియో చెయ్యట్లేదు.

అసలు ఆ ఐదు పది నిమిషాలే ఎందుకు? మన రక్తంలో బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ తిరుగుతుంటుంది. పేరు పెద్దదే, ఇకమీదట ఎంజైమ్ అనే అంటాను. దాన్ని తయారుచేసేది లివర్. ఇంజెక్షన్ ఇవ్వగానే మందులో ఎక్కువ భాగాన్ని అది కండరం దాకా పోనీయకుండా రక్తంలోనే విరగ్గొట్టేస్తుంది. డాక్టర్ ఇచ్చే డోసు కూడా ఈ లెక్క మీదే ఉంటుంది. మరి ఆ ఎంజైమే పనిచెయ్యకపోతే? అదే డోసు ఎక్కువైపోతుంది. నిమిషాలు కాస్తా గంటలవుతాయి.

వెంటనే కనిపెట్టి, వెంటిలేటర్ మీదే ఉంచి, నిద్రలోనే ఉంచితే మందు మెల్లగా దానంతటదే దిగిపోతుంది, మనిషి మామూలుగా లేస్తాడు. కనిపెట్టకపోతేనే చిక్కు. మత్తు వదిలి మెలకువ వచ్చేస్తుంది, కానీ వేలు కూడా కదపలేడు. గొట్టం తొందరపడి తీసేస్తే ప్రాణం మీదకే వస్తుంది.

మన వైపు మిర్చికి, పత్తికి కొట్టే పురుగుమందుల్లో కొన్ని కూడా ఇదే ఎంజైమ్‌ని దెబ్బతీస్తాయి. పురుగుమందు ఒంట్లోకి పోయినవాళ్లకి చేసే కోలినెస్టరేజ్ పరీక్ష విన్నారు కదా, అది కొలిచేది దీన్నే. అంటే టెస్టు కొత్తదేం కాదు.

ఇక అసలు పాయింట్. ఈ ఎంజైమ్ తేడా కొందరికి పుట్టుకతోనే ఉంటుందని 1950ల్లోనే కెనడాలో వెర్నర్ కాలో అనే శాస్త్రవేత్త చూపించాడు. లోకంలో ఎక్కడైనా ఇది చాలా అరుదు. కానీ మన ఆర్యవైశ్యుల్లో అంత అరుదు కాదు. 2006లో కోయంబత్తూరు భారతియార్ యూనివర్సిటీ పరిశోధకులు, విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి, వైశ్యుల్లో దీనికి కారణమైన మార్పుని పట్టుకున్నారు. ఆ ఎంజైమ్‌లో 307వ స్థానంలో ల్యూసిన్ ఉండాల్సిన చోట ప్రోలిన్ ఉంది. అంతే తేడా. 2017లో హైదరాబాద్ సీసీఎంబీ తంగరాజ్, హార్వర్డ్ డేవిడ్ రైక్ వాళ్ల బృందం రాసిన పేపర్‌లో, ఈ లోపం వైశ్యుల్లో మిగతావాళ్లకన్నా సుమారు 100 రెట్లు ఎక్కువని ఉంది.

ఎందుకలా? మేనరికాల వల్లే అనుకుంటారు చాలామంది. అదొక్కటే కాదు. ఎప్పుడో ఒకప్పుడు కొద్దిమందితో మొదలైన సమూహం, వందల ఏళ్లు తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ లక్షల్లోకి పెరిగింది. ఆ మొదటివాళ్లలో ఒకరి దగ్గరున్న మార్పు అందరిలోకీ పాకింది. గోత్రం వేరు, ఊరు వేరు, చుట్టరికమే లేదు అనుకున్న ఇద్దరి దగ్గరా అదే మార్పు ఉండొచ్చు.

ఆ కులాన్ని వేలెత్తి చూపడానికి మాత్రం దీన్ని వాడకండి ప్లీజ్. ఆ పేపర్‌లోనే దక్షిణాసియాలో చూసిన 263 సమూహాల్లో 81 ఇలాగే బిగుసుకుని ఉన్నాయని తేలింది. అందులో మీదీ ఉండొచ్చు, నాదీ ఉండొచ్చు. వైశ్యుల సంగతి ముందు బయటపడింది, అంతే. పైగా వాళ్లలోనూ ఎక్కువమందికి ఈ ఇబ్బంది ఉండదు. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు కాపీలూ మారితేనే సమస్య. అలాంటివాళ్లు కూడా ఈ రకం ఇంజెక్షన్ పడేదాకా ఏ తేడా లేకుండా బతికేస్తారు. అందుకే ముందుగా తెలియదు.

చెయ్యాల్సింది చిన్న పని. ఆపరేషన్ ముందు మత్తు డాక్టర్ వచ్చి మాట్లాడతారు కదా, అప్పుడు "మేం ఆర్యవైశ్యులం, మా ఇంట్లో ఫలానావాళ్లకి మత్తు తర్వాత ఇలా జరిగింది" అని చెప్పండి. సిగ్గుపడాల్సిందేం లేదు. ఆయన టెస్టు రాయొచ్చు, లేదా రోక్యురోనియం లాంటి వేరే మందు వాడొచ్చు. దాన్ని విరగ్గొట్టడానికి ఈ ఎంజైమ్‌తో పనిలేదు. మైవాక్యూరియం మాత్రం ఈ ఎంజైమ్ మీదే ఆధారపడే మందు, కాబట్టి అదీ కుదరదు. ఇంట్లో ఒకరికి ఇలా జరిగితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది. వాళ్లకీ టెస్టు చేయించండి. డిశ్చార్జ్ కాగితం ఫోటో తీసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టండి, గుడ్ మార్నింగ్ మెసేజ్‌ల కన్నా పనికొస్తుంది.

ఇలాంటిదే ఇంకోటి భద్రాచలం ఏజెన్సీ వైపు చూడాలి. మలేరియాకి ఇచ్చే ప్రైమాక్విన్ కొందరిలో ఎర్ర రక్తకణాలని పగలగొడుతుంది. అక్కడ ఎంజైమ్ వేరు, కథ వేరు. అది వచ్చే ఎపిసోడ్‌లో.