చివరి బెంచీకి వినిపించేలా

మల్కాజ్‌గిరిలోని మా సంఘంలో క్రిస్మస్ పాటల కూడికకు ముందు, మైకులు చూసే తమ్ముణ్ణి ‘ఇంకాస్త సౌండ్ పెంచు బాబూ’ అని తొందరపెట్టింది మేమే. అతను పెంచలేదు. ఖాళీ మందిరంలో మారుమోగే శబ్దాన్ని జనం నిండాక వారి ఒళ్లు, బట్టలే పీల్చేస్తాయని చెప్పి, చివరి బెంచీ దాకా నడిచి వెళ్లి విన్నాడు.

పాటలు మొదలయ్యాక కీబోర్డు పెంచమని ఒకరు, డ్రమ్స్ పెంచమని మరొకరు సైగలు. అతను రెండూ తగ్గించాడు! వెనుక వరుసలోని అవ్వకు అప్పుడు గానీ పాటలోని మాటలు తెలియలేదు. స్పీకరు మోతనే మైకు మళ్లీ పట్టుకుంటే కీచుమంటుంది. అందుకే స్పీకర్లను గాయకులకు ముందువైపు ఉంచాడు.

మనమేమో ఎవరు ఖాళీగా ఉంటే వారిని మిక్సరు ముందు కూర్చోబెడతాం. దావీదు కాలంలో లేవీయుల పాటల బాధ్యత కెనన్యాకు దక్కింది, అతను అందులో ప్రవీణుడు కాబట్టేనని దినవృత్తాంతాల మొదటి గ్రంథం (15:22) చెబుతోంది. ఎజ్రా ధర్మశాస్త్రం చదివిన రోజున కూడా (నెహెమ్యా 8) చెక్క పీఠం ఎత్తుతో సరిపెట్టుకోలేదు. ప్రజలకు అర్థమయ్యేలా లేవీయులు వివరించారు.

రాత్రి 10 గంటలు కాగానే ఆ తమ్ముడు బయటి స్పీకర్లు ఆపేశాడు. ఉదయం 6 దాకా ఆరుబయట మైకులు కూడదన్నది 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధన. పైగా పక్కింట్లో పసిబిడ్డ ఉంది. మాకింకా ఒక చరణం మిగిలింది. లోపలే, మైకు లేకుండా పాడుకున్నాం.